పిల్లకు బీటీ పెడ్తరా?

మా అమ్మ డాక్టరమ్మను అడిగిన మొదటి ప్రశ్నకు నేను కుర్చీలోనే కుంగిపోయాను. హైదరాబాదులో చిన్నపిల్లల షుగర్ చూసే దవాఖాన అది. బల్లకు అటు డాక్టరమ్మ, ఇటు నేను, నా ఇద్దరు కూతుళ్లు, మా అమ్మ. పెద్దదానికి మూడేళ్లుగా షుగర్. చిన్నదానికి లేదు. లేదంటే ఎప్పటికీ రాదనా, ఇంకా రాలేదనా అన్నది తేల్చుకోవడానికే ఆ రోజు వచ్చాం. అక్కకు ఉంటే చెల్లెలికి వచ్చే అవకాశం మిగతా పిల్లలకంటే ఎక్కువని, రక్తం పరీక్షతో ముందే కొంత తెలుస్తుందని డాక్టరమ్మ చెబుతోంది. నేను చదువుకొచ్చిన జ్ఞానమంతా చూపించుకోవాలని, "జీన్ థెరపీతో దీన్ని రాకముందే ఆపొచ్చు అంటున్నారు కదా మేడం" అన్నాను.

జీన్ అన్న మాట చెవిన పడగానే మా అమ్మ ముందుకు జరిగింది.

"గదే గద డాక్టరమ్మా బీటీ అంటే. మరి మా చిన్నపిల్లకు బీటీ పెడ్తరా?"

డాక్టరమ్మ కాగితం మీంచి తలెత్తింది. "బీటీ ఎందుకమ్మా? పాపకు ఆపరేషన్ ఏమీ లేదుగా."

అమ్మ అడిగింది పత్తి విత్తనం సంగతి. ఆవిడ అనుకున్నది ఆపరేషన్‌కు ముందు రక్తం ఎంతసేపట్లో ఆగుతుందో చూసే పరీక్ష సంగతి. మధ్యలో నేను, పదిహేనేళ్లుగా పిల్లలకు జీవశాస్త్రం చెబుతున్న పంతులమ్మను, ఎవరికి ఏది విడమర్చాలో తెలియక తలకాయ దించుకున్నాను. ఆ రోజు సిగ్గుపడ్డాను. ఇప్పుడు తలచుకుంటే ఆ సిగ్గుకే సిగ్గేస్తుంది.

అక్కడిదాకా ఎలా వచ్చామో చెప్పాలంటే నా తప్పు దగ్గర మొదలుపెట్టాలి.

అప్పుడు నేను తిమ్మాజిపేట దగ్గరి ఒక ఊరి బడిలో పనిచేస్తున్నాను. పెద్దదానికి తొమ్మిదేళ్లు, చిన్నదానికి మూడు. ఎండాకాలం. పెద్దది చెంబుల కొద్దీ నీళ్లు తాగేది. పాలమూరు ఎండల్లో నీళ్లు తాగని పిల్ల ఉంటుందా అనుకున్నాను. ఊరికే బాత్రూంకు పరుగెత్తేది. అన్ని నీళ్లు తాగితే పోదా మరి అనుకున్నాను. పక్క తడిపితే, ఇంత పెద్దదానివై సిగ్గులేదా అని తిట్టాను. గౌన్లు వదులైతే, పొడుగు సాగుతోందని మురిసిపోయాను. ప్రతిదానికీ నా దగ్గర ఒక జవాబు తయారుగా ఉండేది. నాలుగు ముక్కలు చదువుకున్నదాన్ని కదా, జవాబులకు కొదవేముంది.

ఒక మధ్యాహ్నం పిల్ల వాంతి చేసుకుని మంచానికి అతుక్కుపోయింది. నోటి దగ్గర బాగా మాగిపోయిన పండు వాసన. భుజాన వేసుకుని ఊళ్లో ఉన్న ఆర్‌ఎంపీ దగ్గరికి పోయాను. ఆయన జ్వరం చూశాడు, నాలుక చూశాడు, ఊపిరి చూశాడు. "గిది నాకు సమజైతలేదు టీచరమ్మా. నాగర్‌కర్నూల్ పెద్ద దవాఖానకు తీస్కపోండ్రి" అన్నాడు. మా వైపు నీరసం అంటే గ్లూకోజే. ఎండదెబ్బకు గ్లూకోజు, జ్వరం తగ్గాక గ్లూకోజు, కూలికి పోయి కళ్లు తిరిగి పడితే గ్లూకోజు. సీసా ఎక్కించకపోతే వైద్యం చేసినట్టే కాదు మాకు. "ముందు ఒక బాటిల్ ఎక్కించండి, కాస్త కుదుటపడితే తీసుకుపోతాను" అన్నాను నేనే. ఆయన వద్దన్నాడు. నేను గొంతు పెంచాను. ఎక్కించాడు. చక్కెరతో నిండిపోయిన ఒంట్లోకి మళ్లీ చక్కెర నీళ్లు. సగం సీసా దిగేసరికి పిల్ల పిలిస్తే పలకలేదు.

నాగర్‌కర్నూల్‌లో నర్సు పిల్ల వేలు గుచ్చి చిన్న మిషన్‌కు రక్తం చుక్క తాకించింది. అంకె రాలేదు. ఇంగ్లీషులో హెచ్, ఐ అని రెండక్షరాలు వచ్చాయి. మిషన్ హాయ్ అని పలకరిస్తోందేమిటి అనుకున్నాను. నర్సు ముఖం మారిపోయింది. చక్కెర ఎంతుందో ఆ మిషన్ కూడా కొలవలేనంత ఉందని దానర్థం. అక్కడినుంచి అంబులెన్సులో హైదరాబాదు తరలించారు. పిల్ల బతికింది. బతికించిన వాళ్లకు ఈ జన్మంతా దండం పెట్టినా చాలదు.

ఇంటికొచ్చాక మా ఆయన ఆర్‌ఎంపీ మీదికి గొడవకు పోయాడు. "పిల్లకు షుగరుంటే గ్లూకోజు ఎక్కిస్తవా?" అని నలుగురిలో నిలదీశాడు. ఆ మనిషి నా వంక చూశాడు. నేను మాట్లాడలేదు. టీచరమ్మ అడిగితేనే ఎక్కించానని ఆయన ఒక్క మాట అనలేదు. నాకు వనపర్తి బదిలీ అయ్యేదాకా ఆ వీధిలోంచి నడవడం మానేశాను. ఇంత పిరికిదాన్నని అప్పటిదాకా నాకే తెలియదు.

తర్వాత రోజుకు నాలుగు సూదులు. పెద్దది మొదటి నెల ఏడ్చింది, రెండో నెల అలిగింది, మూడో నెల నా చేతిలోంచి సూది లాక్కుని తనే పొడుచుకుంది. జనం మాటలు వేరే. పెద్దోళ్లకొచ్చే బీమారి పసిపిల్లకెట్లొచ్చింది, చాక్లెట్లు మస్తు పెట్టిండ్రేమో, టీచర్ల పిల్లలు కదా. ఇది తీపి తింటే వచ్చేది కాదని, ఒంట్లోని రక్షక కణాలే పొరబడి, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను పరాయివనుకుని చంపేస్తాయని చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది. కావలికి పెట్టినవాడే మన చేను కోస్తే ఎవరికి చెప్పుకోవాలి? ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూనే జన్యు చికిత్స గురించి చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ ఒకటే గుచ్చుకునేది. ఆ పరిశోధనల్లో చాలావరకు రోగం రాకముందు ఆపడానికే. పెద్దదానికి వచ్చేసింది. ఇక నా చేతిలో మిగిలింది చిన్నది.

మా అమ్మ సంగతి ఇక్కడ చెప్పాలి. మాది గద్వాల నుంచి అలంపూర్ పోయే దారిలో ఒక పల్లె. అమ్మ చదువుకోలేదు. ఆదివారం చర్చికి పోతుంది, మిగతా ఆరు రోజులు సీడు చేనుకు పోతుంది. సీడు చేనంటే పత్తి విత్తనం తీసే చేను. మా దిక్కు దూది కంటే విత్తనమే ముఖ్యం. సాయంత్రం ఆడ మొక్క మొగ్గను వేళ్లతో ఒలిచి, లోపలి పుప్పొడి కాడలు తీసేయాలి. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి దాని మీద రుద్దాలి. దాన్ని క్రాసింగ్ అంటారు. రుద్దిన ప్రతి పువ్వు కాడకూ ఒక దారం కట్టాలి. దారం ఉన్న కాయ ఉంటుంది. దారం లేని కాయ తనంతట తాను కాసిందని గిల్లి పారేస్తారు. సెలవుల్లో నేనూ ఆ చేలల్లో దారాలు కట్టాను. ఒకసారి ఆటలో పడి పది పువ్వులకు దారం కట్టడం మరిస్తే, ఆ కాయలన్నీ గిల్లేశారు. ఆ రోజు అమ్మ నన్ను కొట్టలేదు. రాలిపడ్డ కాయలను ఏరి నా ఒళ్లో పోసి, చూడు అంది.

కాబట్టి జీన్ అన్న మాట మా అమ్మకు నాకంటే ముందే తెలుసు. విత్తనంలో బీటీ అనే జీన్ పెట్టారని, దాంతో కాయలో పురుగు పడదని కంపెనీ వాళ్లు చేనుగట్ల మీద నిలబడి చెప్పారు. తెగులు రాకముందే విత్తనంలో ఆపేస్తారు. మరి పిల్లకు ఎందుకు ఆపరు? ఆమె అడిగింది అంతే.

నేను డాక్టరమ్మకు ఇదంతా విడమర్చి చెప్పాను. ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కలం పక్కన పెట్టి, కుర్చీ అమ్మ వైపు తిప్పుకుంది.

"మీరు చెప్పింది దగ్గరగానే ఉందమ్మా. రక్షక కణాల్లో కొట్టేవి ఉంటాయి, ఆగమని సముదాయించేవీ ఉంటాయి. ఆ సముదాయించే కణాలను రక్తంలోంచి తీసి, వాటికి ఒక జీన్ చేర్చి, క్లోమం దగ్గరే కాపు కాసేలా చేసి మళ్లీ ఒంట్లోకి పంపాలని చూస్తున్నారు. ఇంకో పద్ధతి కూడా ఉంది. ఇన్సులిన్ చేసే కణాలకే ఒక జీన్ పంపిస్తారు. అప్పుడు అవి తమ మీద ఒక గుర్తు తయారుచేసుకుంటాయి. ఆ గుర్తు చూసి కొట్టే కణాలు వెనక్కి తగ్గుతాయి."

"దారం కట్టినట్టు" అంది అమ్మ.

"దారమా?"

"పువ్వుకు దారముంటే దాన్ని ఎవ్వరు ముట్టరు డాక్టరమ్మా. గట్ల."

 అలాగే అనుకోవచ్చమ్మా అంది డాక్టరమ్మ. ఎలుకల్లో బాగానే పనిచేసిందని, మనుషుల్లో ఇప్పుడిప్పుడే జాగ్రత్తగా మొదలుపెడుతున్నారని, ఇంకా ఏ దవాఖానలోనూ వైద్యంగా ఇచ్చేది కాదని చెప్పింది. అమ్మ అంతటితో వదల్లేదు.

"బీటీ ఏసినంక కొన్నేండ్లు మంచిగనే ఉండె. ఎనకనుంచి కాయ తొలిచే గులాబి పురుగు దాంట్లకు గూడ వచ్చింది. మరి గీ బీటీ ఎన్నేండ్లు ఆగుతది?"

"అదే మాకూ తెలియదమ్మా" అంది డాక్టరమ్మ. "ఈ పని చేస్తున్నవాళ్లందరూ అడుగుతున్న ప్రశ్న అదే."

నేను ఎన్నో రాత్రులు కళ్లు కాయలు కాచేలా చదివి కూడా ఆ ప్రశ్న వేయలేదు. నాకు ఆశ ముఖ్యమైంది, అమ్మకు పంట ముఖ్యమైంది. చిన్నదాని రక్తం పరీక్షకు ఇచ్చి బయలుదేరాం.

బస్సు జడ్చర్ల దాటింది. చిన్నది మా అమ్మ ఒళ్లో నిద్రపోయింది. కిటికీ పక్కన కూర్చున్న పెద్దది, బయటికి చూస్తూనే అడిగింది.

"అమ్మా, గా బీటీ వస్తే చెల్లెకే గదా? నాకు గాదు."

"నీకు వేరే రకం వస్తుంది. పోయిన కణాలను మళ్లీ ఒంట్లో నిలబెట్టే పని కూడా జరుగుతోంది..."

"నేనడిగింది గది గాదు. నాకు గూడ గిట్ల ముందుగాల ఎవరన్న చూసుంటే, గంత దూరం పోకుంటుండె గదా?"

పన్నెండేళ్ల పిల్ల. ఏ అబద్ధం చెప్పినా నమ్మేది కాదు, చెప్పే ఓపిక నాకూ లేదు. అక్కడే, కండక్టరు టికెట్ల కోసం అరుస్తుండగా చెప్పేశాను. ఆర్‌ఎంపీ వద్దన్నాడని, గ్లూకోజు ఎక్కించమన్నది నేనేనని, మీ నాన్న ఆయన్ని తిడుతుంటే నోరు మూసుకున్నానని చెప్పాను. అది నా వైపు తిరగలేదు.   కొత్తకోట బస్టాండులో బస్సు ఆగాక అంది.

"చెల్లెకు వారం వారం వేలు నేను గుచ్చి చూస్త. నువ్వు వద్దు. నువ్వు ఏదన్నొకటి చెప్పుకుంటవ్."

నేను సరే అన్నాను. అంతకంటే నిజమైన మాట నన్ను ఇంతవరకు ఎవరూ అనలేదు.

కొద్దిరోజులకు ఫలితం వచ్చింది. చిన్నదాని రక్తంలో, ఆ బీటా కణాల మీదికి తయారైన ప్రతిరక్షకాలు రెండు రకాలవి కనిపించాయి. అంటే లోపల కొట్లాట మొదలైంది. చక్కెర మాత్రం ఇంకా మామూలుగానే ఉంది. నెలలు పట్టొచ్చు, ఏళ్లు పట్టొచ్చు, కానీ వస్తుందనే అనుకోండి అని డాక్టరమ్మ ఫోనులో నెమ్మదిగా చెప్పింది. రోగాన్ని కొంతకాలం వెనక్కి నెట్టే మందు ఒకటి పైదేశాల్లో ఇస్తున్నారట, అది మా చేతికందే దూరంలో లేదు, ఆరేళ్ల పిల్లకు వయసు కూడా చాలదు. జన్యు చికిత్స సంగతి మళ్లీ అడిగాను. ఎలుకలు, మొదటి పరీక్షలు, ఇంకా సమయం పడుతుంది. ఎలుకలకు పట్టిన అదృష్టం నా బిడ్డకు పట్టలేదని ఫోను పెట్టేశాక గట్టిగానే తిట్టాను. ఎవరిని తిట్టానో నాకూ తెలియదు. మా ఆయన వంటింట్లోకి పోయి నీళ్లు తెచ్చిచ్చాడు.

"ఇప్పుడేం చేద్దాం?" అన్నాడు.

ఆ ప్రశ్నకు అమ్మ జవాబు చెప్పింది. మర్నాడే ఊరికి పోయి, ఆ ఏడు క్రాసింగ్ పనికి రానని మేస్త్రీకి చెప్పి, బట్టల మూటతో వనపర్తికి వచ్చేసింది. మూటలో బట్టల కంటే ఎర్రదారం కట్టలు ఎక్కువున్నాయి.

"మొదలు ఏం కనవడ్తది?" అని అడిగింది.

"దాహం. ఎక్కువ నీళ్లు తాగుతుంది."

"ఎంత ఎక్కువ?"

నేను ఆలోచించాను. చిన్నది రోజుకు ఎన్ని నీళ్లు తాగుతుందో నాకు తెలియదు. పెద్దది ఎంత తాగేదో కూడా ఎప్పుడూ చూడలేదు. ఎక్కువ అని ఊరికే అంటాం, దేనికంటే ఎక్కువో తెలియకుండానే.

అమ్మ చిన్నదానికి ఒక స్టీలు సీసా కేటాయించింది. ఏ నీళ్లయినా అందులోంచే తాగాలి. అది ఖాళీ అయ్యి మళ్లీ నింపిన ప్రతిసారీ సీసా మెడకు ఒక దారం. బడిలో కూడా అంతే. చిన్నదాని పెన్సిల్ డబ్బాలో దారం ముక్కలు పెట్టి, ఎలా ముడి వేయాలో నేర్పింది. సాయంత్రం ఆ రోజు దారాలన్నీ విప్పి, ఒక కట్టగా చేసి, ముందుగది కిటికీ ఊచకు కట్టేది. మొదటి ఊచకు ఆదివారం, రెండో ఊచకు సోమవారం. వారం తిరిగాక పాత కట్టలు తీసి సంచిలో దాచి, కొత్తవి కట్టేది. నేను సెల్‌ఫోన్‌లో రాసుకుందామన్నాను. "నీ ఫోన్ల రాస్తే నువ్వొక్కదానివే సూస్తవ్. కిటికీకుంటే ఇంట్ల అందరు సూస్తరు" అంది. ఎదురింటావిడ ఆ దారాలు చూసి, దర్గాలో కట్టాల్సిన మొక్కు ఇంట్లో కట్టుకున్నారేమిటని అడిగింది. "మొక్కు గాదమ్మా, లెక్క" అంది అమ్మ.

ఆదివారం పొద్దున పెద్దది తన మిషన్ తెచ్చి చెల్లెలి వేలు గుచ్చేది. చిన్నది ఆ పనికి జీతం కింద కథ అడిగేది. దయ్యాల కథ చెబితేనే వేలిచ్చేది. అక్కాచెల్లెళ్లిద్దరూ ఆ కాసేపు నన్ను దగ్గరికి రానిచ్చేవారు కాదు. గుమ్మం దగ్గర నిలబడి మిషన్ మీద అంకె ఎంతో అక్కడినుంచే చూసేదాన్ని.

వేసవి వచ్చింది. అందరం ఆరు దారాలు, ఏడు దారాలు చూస్తామని భయపడ్డాం. ఐదుకు మించలేదు. ఎండల్లో కూడా నా చిన్నకూతురు ఇంతే తాగుతుందని అప్పుడు తెలిసింది. ఒకరోజు మాత్రం పదకొండు దారాలతో బడినుంచి వచ్చింది.  పెద్దది ఉరికి మిషన్ తెచ్చింది. అంకె మామూలుగానే ఉంది. గట్టిగా అడిగితే అసలు సంగతి బయటపడింది. పక్క పిల్ల సీసా తనకంటే అందంగా ఉందని, దానికి దీటుగా ఉండాలని ఉన్న దారాలన్నీ కట్టేసిందట. అమ్మ దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఉత్తుత్తి దారం కడితే ఏది నిజమైనదో తెలియక మంచి కాయను కూడా గిల్లేస్తారని చెప్పింది. చిన్నదానికి ఆ మాట ఎంత అర్థమైందో తెలియదు కానీ, మళ్లీ ఆ పని చేయలేదు. నాకు మాత్రం ఒళ్లో పోసిన కాయలు గుర్తొచ్చాయి.

ఆ వేసవి సెలవుల్లోనే ఒకరోజు తిమ్మాజిపేట బస్సెక్కాను. ఆర్‌ఎంపీ దగ్గరికి పోయి, పేషెంట్ల ముందే, ఆ రోజు తప్పు నాది అన్నాను. ఆయన "పాప మంచిగున్నదా?" అని మాత్రం అడిగాడు. బల్ల మీద చక్కెర చూసే మిషన్ ఉంది. ఆ రోజు లేదు. ఎవరికి సీసా పెట్టాలన్నా ముందు వేలు గుచ్చి చూస్తున్నానని చెప్పాడు. ఆయనతో చాయ్ తాగి వచ్చాను.

చలికాలం వచ్చింది. పొద్దున మంచు పడుతోంది, చన్నీళ్లు ముట్టుకోవాలంటే వణుకు. కిటికీ ఊచలకు మూడేసి దారాలే ఉంటున్నాయి. ఒక బుధవారం నాలుగు. గురువారం నాలుగు. శుక్రవారం ఐదు. బడినుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగా అమ్మ నన్ను కిటికీ దగ్గరికి పిలిచింది.

"సూడు."

చూశాను. దారాలు పెరుగుతున్నాయి. అయినా నోట్లోంచి పాత అలవాటే వచ్చింది.

"చలికి గొంతు ఆరిపోతుందేమోనే అమ్మా. మొన్న వాళ్ల బడిలో ఆటల పోటీలు కూడా అయ్యాయి."

అమ్మ నా ముఖంలోకి చూసింది. కోపం లేదు, కానీ ఒక్క అడుగు కూడా వెనక్కి తగ్గే చూపు కాదు.

"గప్పుడు ఎండ అంటివి. గిప్పుడు చలి అంటున్నవ్."

పెద్దది అప్పటికే మిషన్ తెచ్చేసింది. ఆదివారం దాకా ఆగలేదు. చిన్నది కథ అడిగింది. "ఇయ్యాల కథ ఉద్దెర. రేపు రెండు చెప్త" అని వేలు పట్టుకుంది. రెండు వందల ముప్పై ఎనిమిది. పెద్దది మళ్లీ చేతులు కడిగించి, ఇంకో వేలు గుచ్చింది. రెండు వందల నలభై ఒకటి. అది నన్ను చూసింది. బస్సులో ఆ రోజు తర్వాత అది నన్ను నేరుగా చూడటం నాకు గుర్తులేదు.

"పోదామమ్మా" అంది.

"పోదాం" అన్నాను. జవాబులు వెతుక్కోలేదు. ఏడుపు వచ్చింది, తర్వాత ఏడుద్దామనుకున్నాను. మా ఆయన బండి మాట్లాడుకొచ్చేలోపు డాక్టరమ్మకు ఫోను చేశాను. గంటలో బయలుదేరాం.

దవాఖాన మెట్లు చిన్నది తనే ఎక్కింది. ఒక చేతిలో ఉడకబెట్టిన పల్లికాయలు, ఇంకో చేతిలో దారాల సీసా. లిఫ్టు ఎక్కుదామంటే వినలేదు. రెండేసి మెట్లు దూకుతూ పోయింది. నాలుగున్నరేళ్ల కింద పెద్దదాన్ని ఇదే మెట్ల పక్కనుంచి స్ట్రెచర్ మీద తీసుకుపోయారు. నేను కింది మెట్టు మీదే నిలబడిపోయాను. పెద్దది వెనక్కి వచ్చి నా చెయ్యి పట్టుకుని పైకి లాక్కుపోయింది.

పరీక్షలన్నీ అయ్యాయి. షుగర్ వచ్చింది. అందులో అనుమానం లేదు. కానీ రక్తం పాడవలేదు, ఒంట్లో నీళ్లు తగ్గలేదు, కొన్ని బీటా కణాలు ఇంకా బతికే ఉన్నాయి. ఐసీయూ అవసరం లేదు, సెలైన్ అవసరం లేదు. చిన్న మోతాదు ఇన్సులిన్‌తో మొదలుపెడదాం అంది డాక్టరమ్మ.

"ఇంత ముందుగా ఎలా పట్టుకున్నారు?" అని నన్ను అడిగింది.

నేను అమ్మ వైపు చూపించాను. అమ్మ బొడ్లోని సంచి తీసి, ముడి విప్పి, ఆ వారం దారాల కట్టలు ఒక్కొక్కటే బల్ల మీద పెట్టింది. మూడు. మూడు. మూడు. నాలుగు. నాలుగు. ఐదు. డాక్టరమ్మ వాటిని వేలితో తాకి చూసింది. ఆవిడ కళ్లు చెమ్మగిల్లాయో, నాకే అలా కనిపించిందో చెప్పలేను.

"మీ బీటీ ఇంక రాలేదా డాక్టరమ్మా?" అడిగింది అమ్మ.

"రాలేదమ్మా. పని జరుగుతూనే ఉంది."

"కానియ్యుండ్రి. తొందరపడి పురుగు పట్టేది మాత్రం తేకుండ్రి."

పక్క మంచం మీద పెద్దది, చెల్లెలికి సూది ఎలా పట్టుకోవాలో చూపిస్తోంది. ముందు తన పొట్ట మీద పొడుచుకుని చూపించింది. చిన్నది కళ్లు మూసుకుని, ఉద్దెర పెట్టిన రెండు కథలూ ఇప్పుడే చెప్పాలంది. పెద్దది మొదటి కథ మొదలుపెట్టి, మధ్యలో ఆపి, ఏదో గుర్తొచ్చినట్టు మా అమ్మ వైపు తిరిగింది.

"అవ్వా, నా పిల్లలప్పటికన్న వస్తదా బీటీ?"

అమ్మ బల్ల మీది దారాలను ఏరి మళ్లీ సంచిలో వేసుకుంటోంది. తల ఎత్తకుండానే అంది.

"వస్తే పెట్టిద్దం. రాకుంటే దారాలున్నయ్ గదనే."